ప్రింట్లు అమ్మబోతున్న మేనల్లుడికి

చిరంజీవికి మామయ్య ఆశీస్సులు.

బతుకమ్మ ఫోటోలు, కొల్లేరు దగ్గర ఆటపాకలో తీసిన గూడబాతుల (పెలికాన్ల) ఫోటోలు ప్రింట్లు వేయించి అమ్మకానికి పెడతానని రాశావు. మంచిదే. కానీ అల్లుడూ, బొమ్మ కావాలంటే ఎవరికైనా ఫోన్‌లో ఊరికే దొరుకుతుంది. డబ్బు పెట్టి కొనేది కాగితం, సిరా, మౌంటు (ప్రింటు చుట్టూ పెట్టే అట్ట), ఫ్రేము కలిసిన వస్తువుని. అది ఏళ్ల తరబడి గోడ మీద చెడకుండా ఉండాలి. అందుకే ఫోటో తీయడం గురించి ఇందులో ఒక్క ముక్క కూడా రాయడం లేదు.

ముందు సైజు లెక్క. నీ 24 మెగాపిక్సెల్ కెమెరా ఫైలు 6000×4000 ఉంటుంది. అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున 20 అంగుళాల పొడవు దాకా నిక్షేపంగా వస్తుంది. 200కి దిగితే 30×20 కూడా వేయొచ్చు, అంత పెద్ద బొమ్మని ఎవరూ ముక్కు ఆనించి చూడరు. చిక్కంతా పక్షుల ఫోటోలతోనే. దూరంగా ఉన్న గూడబాతుని కత్తిరించి దగ్గరకు తెచ్చాక 3000×2000 మిగిలిందనుకో, అది 10 అంగుళాల బొమ్మ, సాగదీస్తే 15. దాన్ని 24 అంగుళాలకు లాగితే ఈకలు మైనం పూసినట్టు కనిపిస్తాయి.

కెమెరా నిష్పత్తి 3:2 కాబట్టి 8×12, 12×18, 16×24, 20×30 సైజులు దానికి సరిగ్గా సరిపోతాయి. 8×10 ఫ్రేము చవగ్గా దొరికిందని ఆశపడితే పొడవులో రెండంగుళాలు ఎగిరిపోతాయి. రెక్క కొసే పోతుందో, ముక్కే పోతుందో నీ ఖర్మ.

ఇక రంగులు. స్క్రీన్ మీద వెలిగిపోయిన బొమ్మ కాగితం మీద చీకటిగా వచ్చిందంటే తప్పు ల్యాబుది కాదు, నూటికి తొంభై పాళ్లు నీ మానిటర్ వెలుగుదే. కొత్త మానిటర్లు అంగడి దీపాల్లా వెలుగుతాయి. ప్రింట్ల పనికి చదరపు మీటరుకు 80 నుంచి 120 క్యాండెలాల (వెలుగు కొలత) మధ్య ఉండాలి. స్క్రీన్ రంగులు, వెలుగు సరిచేసే క్యాలిబ్రేటర్ అద్దెకు దొరికితే తెచ్చుకో. లేదంటే స్క్రీన్ మీద ఖాళీ తెల్ల పేజీ తెరిచి, పక్కన మంచి వెలుతురులో తెల్ల కాగితం పట్టుకుని, రెండూ ఒకేలా కనిపించే దాకా వెలుగు తగ్గించు.

బంతిపూల దగ్గర అసలు పరీక్ష. నారింజ రంగు గాఢంగా ఉన్నచోట రెడ్ ఛానెల్ (ఫైలులోని ఎరుపు పాలు) ముందుగానే గరిష్ఠమైన 255కి కొట్టుకుని ఆగిపోతుంది. మొత్తం హిస్టోగ్రామ్ (వెలుగులు ఎక్కడెంత ఉన్నాయో చూపే గ్రాఫు) చూస్తే ఏ దోషమూ కనపడదు, ఎరుపు ఒక్కదాన్నీ విడిగా చూస్తే కుడి గోడకు అతుక్కుని ఉంటుంది. ప్రింటులో రేకులన్నీ కలిసిపోయి ఒక నారింజ ముద్ద అవుతుంది. రంగద్దిన గునుగు పూల గులాబీ రంగుది కూడా ఇదే కథ, ప్రింటర్ సిరాలకు ఆ రంగు అందదు. జేపెగ్‌ని పట్టుకుని వేలాడితే లాభం లేదు. కెమెరా ఇచ్చిన అసలు రా ఫైలుకి వెనక్కి వెళ్లి, నారింజ, గులాబీ రంగుల సాచురేషన్ (గాఢత) 15, 20 పాయింట్లు తగ్గించు, వాటి వెలుగు కూడా కాస్త దించు. సాఫ్ట్ ప్రూఫ్ (ప్రింటు ఎలా వస్తుందో స్క్రీన్ మీదే చూపేది) పెట్టి, ప్రింటరుకు అందని రంగుల్ని చూపే గ్యామట్ హెచ్చరిక చూడు. రేకు మీద గీత మళ్లీ కనపడగానే ఆపెయ్. స్క్రీన్ మీద కాస్త వెలిసినట్టు అనిపిస్తుంది, కంగారు పడకు.

గూడబాతు తెలుపు 255 దాకా పోతే అక్కడ సిరానే పడదు. నిగనిగలాడే కాగితం మీద ఆ చోటు మాత్రం వేరే మెరుపుతో మచ్చలా కనిపిస్తుంది. 245 దగ్గర ఆపు. మెరుపు లేని మ్యాట్ కాగితం మీద 10, 15 కన్నా తక్కువ ఉన్న నీడలన్నీ ఒకే నలుపైపోతాయి, వాటిని కాస్త పైకి లేపు. షార్పెనింగ్ (అంచులు పదును చేయడం) ఆఖర్న, సైజు తేల్చుకున్నాకే. మ్యాట్‌కి ఎక్కువ, గ్లాసీకి తక్కువ.

మామూలు కలర్ ల్యాబుకు ఎస్‌ఆర్‌జీబీలో (స్క్రీన్లకు వాడే మామూలు రంగుల ప్రమాణం) ఫైలు ఇవ్వు. పిగ్మెంట్ (త్వరగా వెలవని పొడి రంగు) ఇంక్‌జెట్ వేసేవాళ్లయితే వాళ్ల కాగితం ప్రొఫైల్ (ఆ కాగితం మీద రంగులు ఎలా పడతాయో చెప్పే ఫైలు) అడిగి తీసుకో. కౌంటర్ దగ్గర రెండు మాటలు మర్చిపోకు: ఆటో కరెక్షన్ (మెషీన్ తనంతట తానే రంగులు మార్చడం) తీసేయమను, అంచులు కత్తిరించవద్దను. ఫైలులోనే చుట్టూ తెల్ల అంచు పెట్టుకుంటే రెండో బాధ ఉండదు. నేరుగా పెద్ద ప్రింటు వేయించకు. అదే సైజు ప్రింటులోంచి ముఖ్యమైన ముక్కలు నాలుగు, ఒక్కోటి కాస్త తేడా వెలుగుతో, ఒక 8×12 షీటు మీద పేర్చి వేయించు. దాన్ని పగటి నీడలో, ట్యూబులైటు కింద, పసుపు ఎల్‌ఈడీ కింద చూసి ఒకటి ఎంచుకో.

కాగితం విషయంలో నా మాట: అమ్మకానికైతే 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) చుట్టూ ఉన్న కాటన్ కాగితం, పిగ్మెంట్ సిరా. మరీ నీలి తెలుపుతో మిరుమిట్లు గొలిపే కాగితాల్లో బ్రైట్‌నర్లు (తెలుపు పెంచే రసాయనాలు) కలుపుతారు, అవి ఏళ్లు గడిచేకొద్దీ పస తగ్గి కాగితం పసుపు తిరుగుతుంది. ప్రింటు వచ్చాక 24 గంటలు మామూలు కాగితాల మధ్య ఆరనివ్వు. పచ్చిగా ఉన్నప్పుడే ఫ్రేములో బిగిస్తే అద్దం లోపల పొగ పట్టినట్టు పొర కమ్ముతుంది.

ఎండీఎఫ్ చెక్క మీద అతికించి లామినేషన్ కొట్టడం మన స్టూడియోల అలవాటు. పెళ్లి ఫోటోలకు ఫరవాలేదు, నీకు వద్దు. ఒకసారి అతికిందంటే ప్రింటు మళ్లీ బయటకు రాదు.

మౌంటు బోర్డు యాసిడ్-ఫ్రీ (ఆమ్లం లేనిది) అయి ఉండాలి. చవక బోర్డు కోసిన అంచు కొన్నేళ్లకు గోధుమ రంగుకు తిరిగి, ప్రింటు మీద కూడా అదే గీత పడుతుంది. 12×18 ప్రింటుకు మౌంటులో కిటికీ (బొమ్మ కనపడే రంధ్రం) 11¾×17¾ కోయించు, బయటి కొలత 18×24, నాలుగు వైపులా మూడేసి అంగుళాల పైచిలుకు అంచు వస్తుంది. తెల్ల అంచులో సంతకం కనపడాలంటే కిటికీ బొమ్మకన్నా పెద్దగా ఉండాలి, ఆ అంచు చాలేలా బొమ్మని చిన్నగా వేయించు. సెల్లోటేపు, ఫెవికాల్ దగ్గరకు రానీయకు. పై అంచున మాత్రమే రెండు చోట్ల, పల్చని జపాన్ కాగితం పట్టీలతో, గోధుమపిండి జిగురుతో వేలాడదీయి. నాలుగు వైపులా డబుల్ టేపు వేశావా, వానాకాలం గాలి తేమకు కాగితం సాగి, సాగే చోటు లేక ముడతలు పడుతుంది. కాకినాడలోనో విశాఖలోనో కొన్నవాళ్లు ఆర్నెల్లకే ఫోన్ చేస్తారు. అద్దానికి ప్రింటు తగిలినా అంతే, అతుక్కుంటే ఊడిరాదు. మౌంటు మందమే వాటిని విడిగా ఉంచేది.

ఫ్రేము వెనక కింది రెండు మూలలకు చిన్న రబ్బరు బిళ్లలు అంటించు, గోడకూ ఫ్రేముకూ మధ్య గాలి ఆడుతుంది. కొరియర్‌లో పంపేవాటికి అద్దం బదులు యాక్రిలిక్. ఫ్రేము లేని ప్రింట్లు 12×18 దాకా చుట్టకు, బల్లపరుపుగా రెండు అట్టల మధ్య పెట్టు. ఒక అట్ట గీతలు నిలువుగా, రెండోదానివి అడ్డంగా ఉంటే వంగదు.

సంతకం కాటన్ అంచు మీద పెన్సిల్‌తో, పక్కన 3/10 (పదింటిలో మూడోది) అని నంబరు. వెనక బాల్‌పెన్‌తో గట్టిగా రాస్తే ముందు గీత తేలుతుంది. పది అని చెప్పాక పదకొండోది వేయకూడదు, వేరే సైజుతో కలిపి పదా, విడిగా పదా అన్నది మొదటి ప్రింటు అమ్మకముందే నోటుబుక్కులో రాసి పెట్టుకో.

ధర దగ్గర మొహమాటపడతావని నా భయం. ప్రింటు, మౌంటు, ఫ్రేము, ప్యాకింగ్ కలిపి 2500 అయిందనుకో. 5000 పెట్టావు, గ్యాలరీ 40 శాతం తీసుకుంది. చేతికి వచ్చేది 3000, మిగిలేది 500. నీ శ్రమ, పాడైన ప్రింట్ల ఖర్చు అందులోంచే రావాలి. గ్యాలరీలో ఒక ధర, ఇంటి దగ్గర ఇంకో ధర మాత్రం పెట్టకు.

బతుకమ్మ ఆడుతున్న ఆడవాళ్ల ముఖాలు పోల్చుకునేలా ఉంటే, అమ్మే ముందు వాళ్ల దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకో. డబ్బు తీసుకుని తీసిన పెళ్లి ఫోటోలైతే అసలు కలపకు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే వాటి హక్కు తీయించుకున్నవాళ్లదే. నీ సొంత ఫోటో ప్రింటు అమ్మినప్పుడు మాత్రం పోయేది ఆ కాగితమే, కాపీరైటు నీదగ్గరే ఉంటుంది. బిల్లు మీద ఆ మాట ఒక వాక్యంగా అచ్చు వేయించు.

బంతిపూల రా ఫైలూ, టెస్ట్ షీటూ తీసుకుని ఓ ఆదివారం పగటిపూట రా.

ఇట్లు,
మామయ్య