తుపాను తర్వాత పంట నష్టం రాయించుకునేటప్పుడు

చి. అల్లుడికి,

చేలో నీళ్లు తీసే హడావిడిలో ఉంటావు కాబట్టి సూటిగా రాస్తున్నాను.

ముందు రైతు సేవా కేంద్రానికి వెళ్లి ఈ-పంటలో, అంటే పంటల ఆన్‌లైన్ నమోదులో, ఏమని ఎక్కిందో చూడు. పొలం నంబరు, పంట, విస్తీర్ణం, సాగుదారు పేరు నాలుగూ సరిపోవాలి. రీసర్వే అయిన ఊళ్లలో పాత సర్వే నంబర్ల బదులు ఎల్‌పీఎం (కమతం పటం) నంబర్లు వచ్చాయి. అన్నదమ్ముల చేలు ఒకే ఎల్‌పీఎంలో కలిసిపోతే ఒకరి పేరు ఎక్కి రెండోవాడిది జారిపోతుంది. ఈ-కేవైసీ వేలిముద్ర పడిందో లేదో కూడా అడుగు. కౌలు పొలానికి సాగుదారు హక్కు పత్రం ఉండాలి, దాని గడువు పదకొండు నెలలే. అది లేక ఈ-పంటలో ఆసామి పేరుంటే డబ్బు ఆయన ఖాతాకే పోతుంది. ఆ తర్వాత ఆయన దగ్గర రాబట్టడం ఎంత సులువో నీకు తెలియనిది కాదు.

నష్టం కనీసం 33 శాతం ఉంటేనే ఇన్‌పుట్ సబ్సిడీకి, అంటే పంట పోయినందుకు ప్రభుత్వమిచ్చే సాయానికి, రాస్తారు. వరి రైతుకు దెబ్బ తగిలేది ఇక్కడే. పొట్ట మీదో, పూత మీదో మునిగిన చేను నీళ్లు తీశాక పచ్చగానే కనిపిస్తుంది, తాలు తేలేది కొన్నాళ్లకు. అందుకని చూడడానికి వచ్చినవాళ్లకు పైరు ఏ దశలో, ఎన్ని రోజులు మునిగిందో చెప్పి రాయించు. ముందే చూసి వెళ్లిపోయి ఉంటే, తాలు తేలాక మళ్లీ చూడమని మండల వ్యవసాయాధికారికి అర్జీ పెట్టు.

లెక్క రాసేవాళ్లు వచ్చేదాకా చేను ముట్టుకోవద్దని కొందరంటారు. ఆ మాట వినకు. నాలుగు మూలల నుంచీ గట్లు కనిపించేలా, తేదీ, లొకేషన్ పడేలా ఫొటోలు తీసి వెంటనే నీళ్లు వదిలెయ్. గింజ గట్టిపడిన చేనైతే లీటరు నీళ్లకు 50 గ్రాముల ఉప్పు కలిపి కంకుల మీద కొట్టు, మొలక తగ్గుతుంది. దున్నెయ్యడం మాత్రం లెక్క అయ్యాకే.

ఇక డబ్బు సంగతి. రాష్ట్ర విపత్తు సహాయ నిధి (ఎస్‌డీఆర్‌ఎఫ్) 2022–26 నిబంధనల్లో నీటి వసతి ఉన్న పొలానికి హెక్టారుకు 17,000 రూపాయలు, వర్షాధారానికి 8,500, బహువార్షిక తోటలకు 22,500. రాష్ట్రం పెంచి ఇవ్వొచ్చు, 2024 వరదలకు మన ఆంధ్రప్రదేశ్ వరికి హెక్టారుకు 25,000 ప్రకటించింది. జీవో వచ్చేదాకా ఎవరు చెప్పిన అంకె మీదా అప్పు చెయ్యకు. ఏడెకరాలు పోయినా లెక్కించేది రెండు హెక్టార్లే, అంటే సుమారు అయిదెకరాలు. మూడంగుళాలు దాటి మేట వేసి ఉంటే, సన్న, చిన్నకారు రైతులకు మేట తీయడానికి హెక్టారుకు 18,000 వేరే పద్దు. అడక్కపోతే ఎవరూ రాయరు.

బీమా దీనికి సంబంధం లేనిది. ప్రీమియం కట్టిన పంట కోసి, పనల మీద తడిస్తే, కోసిన 14 రోజుల్లోపైతే క్లెయిం ఉంటుంది. తడిసిన 72 గంటల్లోపు పంటల బీమా హెల్ప్‌లైన్ 14447కు ఫోన్ చేసి, వాళ్లిచ్చే ఫిర్యాదు నంబరు రాసుకో.

నష్టపోయిన రైతుల జాబితా రైతు సేవా కేంద్రంలో అంటించిన రోజే ఫొటో తీసుకో, అభ్యంతరాలకు ఇచ్చే గడువు చాలా తక్కువ. పేరుండీ డబ్బు పడలేదంటే చాలాసార్లు అది ఎక్కడో మర్చిపోయిన ఖాతాలో ఉంటుంది, ఎందుకంటే ఆధార్‌కు చివరగా జోడించిన బ్యాంకుకే పోతుంది. ఆధార్ సంస్థ ఉడాయ్ సైట్‌లో ఏ బ్యాంకో కనిపిస్తుంది. అక్కడా లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా ఫిర్యాదుల కార్యక్రమం పీజీఆర్‌ఎస్‌లో అర్జీ ఇవ్వు. ఫొటోలు, ఈ-పంట రసీదు నకళ్లే జతచెయ్, అసలువి చేతికివ్వకు. అర్జీ నంబరున్న రసీదు తీసుకోకుండా కౌంటరు వదలకు.

మీ మామయ్య