వానలు దంచికొట్టిన ఏడాది కూడా పిల్లలు ఎందుకు చిక్కిపోతారు?

వానల్లేక పంట పోతే పిల్లలు చిక్కిపోతారు సరే, అతివృష్టి వచ్చిన ఏడాది ఇంట్లో గింజలున్నా ఎందుకు చిక్కిపోతున్నారని అడిగారు. రైతు కుటుంబాల్లో పిల్లల బరువు, జబ్బ కొలతలు తీసే పని కొన్నేళ్లు చేశాను. నాకు తెలిసింది చెప్తాను.

వరద తీశాక ఒక ఇంటికి వెళ్లాను. ఎత్తున పెట్టిన గింజల బస్తాలు తడవలేదు. అవి చూసి ఈ ఇంటికి టెన్షన్ లేదనుకుని వచ్చేశాను. రెండు వారాల తర్వాత వెళ్లేసరికి ఏడాదిన్నర పాప తల్లి భుజం మీంచి తల ఎత్తడం లేదు. జబ్బకు టేపు చుడితే 11.2 సెంటీమీటర్లు. ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లలకు 11.5 కంటే తగ్గితే తీవ్రమైన పోషకాహార లోపమే. తిండి పెట్టలేదా అంటే పెట్టారు. కానీ తాగింది వరదలో మునిగిన బావి నీళ్లు. విరేచనాలు తగ్గడం, మళ్లీ పట్టుకోవడం. అప్పుడు బిడ్డకు ఆకలి చచ్చిపోతుంది, తిన్న కాస్తా ఒంటబట్టదు. నేను చూడాల్సింది బస్తాలు కాదు, బావి. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

కరువు ఇంత తొందరగా బయటపడదు. వాన పడని నెలలో టేపులో తేడా ఉండదు. పాత గింజలు అయిపోయి, కొత్త పంట చేతికి రాని నెలల్లో తెలుస్తుంది. ముందు తగ్గేవి పాలు, గుడ్లు, కూరగాయలు. కడుపు నిండుతోంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. తర్వాత పశువులను అమ్మేస్తారు, ఇక వాన పడినా పాలు తిరిగి రావు. కూలి మీద బతికే ఇళ్లలో ఇదంతా ఇంకా ముందే మొదలవుతుంది, ఎందుకంటే పొలంలో పని లేని రోజు కూలీ లేదు, అప్పుడే గింజల ధర కూడా పెరుగుతుంది. తల్లి నీళ్ల కోసం దూరం వెళ్తే, రోజుకు నాలుగైదుసార్లు తినాల్సిన పసిబిడ్డ రెండుసార్లతో సరిపెట్టుకుంటుంది. కడుపులో ఉన్నప్పటి నుంచి రెండేళ్లు నిండేలోపు ఇలా జరిగితే, ఆగిన ఎదుగుదలను తర్వాత పూర్తిగా రాబట్టడం చాలా కష్టం.

మీ దగ్గర వరద వచ్చి ఉంటే నీళ్లు మరిగించే తాగించండి. విరేచనాలైతే ఓఆర్ఎస్ పట్టండి, డాక్టరును అడిగి జింక్ 10 నుంచి 14 రోజులు వేయండి. తల్లిపాలు, తిండి మాత్రం ఆపొద్దు. రెండు పాదాలూ వాచి, నొక్కితే గుంట పడుతుంటే జబ్బ కొలత ఎంతున్నా సరే, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.