పాఠకుల ప్రశ్నలు – జవాబులు: మంచులో ఫిన్లాండ్ సైన్యం పట్టిన ఆయుధాలు

ప్రశ్న: 1939లో దండెత్తి వచ్చిన సోవియట్ ట్యాంకులను ఫిన్లాండ్ సైనికులు మండే సీసాలతో ఆపారని చదివాను. సీసా మంట ఉక్కు కవచాన్ని ఎలా కాల్చగలదు?

జవాబు: సీసాల మాట నిజమే గాని, వాటితో మాత్రమే ఆపారనడం సరికాదు. 1939 నవంబరు 30న యుద్ధం మొదలయ్యేనాటికి ఫిన్లాండ్ దగ్గర స్వీడన్‌లోని బోఫోర్స్ కంపెనీ రూపొందించిన 37 మిల్లీమీటర్ల ట్యాంకు విధ్వంసక ఫిరంగులు సుమారు వంద ఉండేవి. సోవియట్ సైన్యం ఎక్కువగా నడిపిన టి-26 ట్యాంకుకు చాలాచోట్ల 15 మిల్లీమీటర్ల మందం కవచమే ఉండేది కనుక ఈ చిన్న ఫిరంగి గుండు దాన్ని సులువుగా చీల్చుకుని పోయేది. అయితే వెయ్యి కిలోమీటర్లు దాటిన సరిహద్దుకు వంద ఫిరంగులు ఏ మూలకు? అవి లేనిచోట సైనికుడే ట్యాంకు పక్కకు చేరవలసి వచ్చింది.

మంట కవచాన్ని ఏమీ చేయలేదు. టి-26కు వెనుక భాగంలో పెట్రోలు ఇంజను ఉంటుంది, దానికి గాలి అందడానికి పైన జాలీ ఉంటుంది. సీసా ఆ జాలీ మీద పగిలితే మండుతున్న ద్రవం ఇంజను మీదికి జారుతుంది. ప్రభుత్వ మద్యం సంస్థ ఆల్కో, రాయమాకిలోని తన కర్మాగారంలో ఈ సీసాలను లక్షల సంఖ్యలో నింపింది. ఆల్కహాలు, పెట్రోలులతో పాటు మంట అంటుకుని ఉండడానికి తారు కూడా కలిపేవారు. గాలికి ఆరిపోని రెండు పొడవాటి అగ్గిపుల్లలను సీసాకు చెరోవైపు కట్టేవారు. సైనికుడు దారి పక్క గుంటలో మంచు కప్పుకుని పడుకుని, ట్యాంకు తనను దాటేదాకా ఊపిరి బిగబట్టి, అప్పుడు లేచి విసరాలి. లోపలి డ్రైవరు సన్నని చీలికలోంచి ముందుకు మాత్రమే చూడగలడు. చక్రాల మధ్య దుంగను దూర్చి ట్యాంకును నిలబెట్టిన వాళ్లూ ఉన్నారు. ఆ పనికి వెళ్లినవారిలో తిరిగి రానివారు చాలామంది ఉన్నారన్నది మరచిపోరాదు.

ట్యాంకు వెంట సోవియట్ పదాతి దళం నడుస్తున్నంతసేపు ఇవేవీ సాగవు. ఆ దళాన్ని ట్యాంకు నుంచి విడదీసినది, నా దృష్టిలో ఈ యుద్ధపు అసలైన ఆయుధం, ఫిన్లాండ్ ఆయుధ రూపకర్త ఐమో లాహ్తి రూపొందించిన సువోమి సబ్‌మెషీన్‌గన్ (ఒక్కడే చేత్తో పట్టి వరసగా తూటాలు కురిపించగల చిన్న తుపాకి). 71 తూటాలు పట్టే గుండ్రని డ్రమ్ముతో, అడవిలో ముప్ఫై నలభై అడుగుల దూరంలో అది రైఫిల్‌కు అందని పని చేసేది. యుద్ధం మొదట్లో సైన్యం మొత్తానికి ఉన్నవి దాదాపు 4,000 మాత్రమే. తర్వాత సోవియట్లు తమ సబ్‌మెషీన్‌గన్ పీపీఎస్‌హెచ్-41కు వాడిన 71 తూటాల డ్రమ్ములో ఈ ఫిన్నిష్ డ్రమ్ము పోలిక స్పష్టంగా కనిపిస్తుంది.

ప్రశ్న: శత్రువు దగ్గర పట్టుబడిన ఆయుధాలకు తూటాలు ఎక్కడి నుంచి తెచ్చుకున్నారు?

జవాబు: 1917 దాకా ఫిన్లాండ్ రష్యా సామ్రాజ్యంలో భాగం కావడం వల్ల అక్కడ మిగిలిపోయిన మోసిన్ రైఫిళ్లకే కొత్త గొట్టాలు బిగించి, మెరుగుపరచి ఫిన్నిష్ సైన్యం వాడుకుంది. అందుచేత ఇరుపక్షాల రైఫిళ్లలోనూ అదే 7.62 మిల్లీమీటర్ల తూటా పట్టేది. ఫిన్లాండ్ సొంత తేలికపాటి మెషీన్‌గన్ లాహ్తి-సలోరంతా ఎం-26లో భాగాలు మరీ బిగుతుగా అమరి ఉండడం వల్ల చలికి, మురికికి తరచుగా మొరాయించేది. పైగా మేగజైన్‌లో 20 తూటాలే. సోవియట్ దెగ్త్యర్యోవ్ తేలికపాటి మెషీన్‌గన్‌కు పైన అమర్చే గుండ్రని పళ్లెంలో అదే రకం తూటాలు 47 ఉండేవి. అది చేతికి చిక్కితే సైనికులు తమదాన్ని పక్కన పెట్టి దాన్నే పట్టేవారు.

ప్రశ్న: ఫిన్లాండ్‌కు సొంత ట్యాంకులే లేవా?

జవాబు: పాతకాలపు ఫ్రెంచ్ రెనో ఎఫ్‌టీ ట్యాంకులు, బ్రిటన్ నుంచి కొన్న విక్కర్స్ ఆరు టన్నుల ట్యాంకులు ఉండేవి. విక్కర్స్ ట్యాంకులు ఫిరంగులు లేకుండానే వచ్చాయి. వాటికి ఫిరంగులు అమర్చి, 1940 ఫిబ్రవరి 26న హోంకనియెమి దగ్గర దాడికి దించితే యుద్ధరంగం దాకా చేరినవి ఆరే, వాటిలోనూ చాలావరకు పోయాయి. సోవియట్ టి-26 కూడా ఇదే విక్కర్స్ నమూనా నుంచి పుట్టినది కాబట్టి ఆ రోజు తలపడినవి ఒకే తల్లి బిడ్డలు.

తర్వాత పట్టుబడిన సోవియట్ ట్యాంకులే ఫిన్నిష్ కవచ దళానికి ఆధారమయ్యాయి. సోవియట్ బీటీ-7 ట్యాంకు శరీరం మీద బ్రిటిష్ 114 మిల్లీమీటర్ల హొవిట్జర్‌ను (గుండును ఎత్తుగా విసిరే పొట్టి ఫిరంగిని) ఎక్కించి చేసిన బీటీ-42లు 18 తయారయ్యాయి గాని, సోవియట్లతో మళ్లీ జరిగిన యుద్ధంలో, 1944 జూన్‌లో వీపురి నగరం దగ్గర సోవియట్ టి-34 ట్యాంకుల ఎదుట అవి నిలవలేదు. జర్మనీ నుంచి కొన్న స్టుగ్-3 కవచ ఫిరంగి వాహనాలు మాత్రం ఆ వేసవిలో బాగా పనికొచ్చాయి. వాటి సిబ్బంది పక్కలకు దుంగలు కట్టి, ముందు భాగంలో కాంక్రీటు పోసి తమ రక్షణను తామే పెంచుకున్నారు. మిగిలిన ఒకే ఒక్క బీటీ-42ను నేడు పరోలాలోని కవచ వాహనాల మ్యూజియంలో చూడవచ్చు.