తనంతట తానే లేచి కూర్చునే కంప్యూటర్ గురించి మేనకోడలికి ఒక ఉత్తరం

చిరంజీవి అమ్మడికి మామయ్య ఆశీర్వదించి రాస్తున్న ఉత్తరం.

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి, మీ ఇంట్లో కంప్యూటర్ ఎవరూ ముట్టుకోకుండానే రాత్రిపూట ఆన్ అవుతోందనీ, దాని సంగతేమిటో నువ్వే తేలుస్తానని స్క్రూడ్రైవర్ పట్టుకొని కూర్చున్నావనీ చెప్పింది. నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. అయితే ఫోన్ పెట్టేసే ముందు, "ఆదివారం దాకా చూసి, తేలకపోతే మొత్తం ఫార్మాట్ కొట్టేస్తానంటోంది" అని మరో మాట కూడా అన్నది. ఆ మాటతో నాకు రాత్రి నిద్ర పట్టలేదు. ఫోన్‌లో చెప్తే సగం విని "సరే మామయ్యా" అంటావు కనుక ఉత్తరం రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు నీ ఫైళ్ళన్నీ వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసి, ఆ డ్రైవ్‌ను కంప్యూటర్ నుంచి తీసి బీరువాలో పెట్టు. ఆ పని అయ్యేదాకా కింది పేరా చదవవద్దు. ముసలాయన చాదస్తమని నవ్వుకుంటావని తెలుసు, నవ్వుకుంటూనే కాపీ చెయ్యి.

"దానంతట అదే ఆన్ అవుతోంది" అనే మాట ఒకటే గాని, దాని వెనుక ఉండే జబ్బులు వేరువేరు. స్లీప్‌లో ఉన్నది మేలుకోవడం ఒకటి. షట్‌డౌన్ చేసిన కొన్ని గంటల తరువాత ఆన్ కావడం మరొకటి. షట్‌డౌన్ నొక్కిన కొద్ది క్షణాలకే మళ్ళీ లేవడం ఇంకొకటి. నీది వీటిలో ఏదో మీ అమ్మ చెప్పలేకపోయింది. బహుశా నువ్వూ గమనించి ఉండవు. అందువల్ల ఒక నోటుపుస్తకం తీసుకొని, రాత్రి దాన్ని ఎలా వదిలావో, ఉదయం ఎలా కనిపించిందో, ఎన్ని గంటలకు లేచిందో నాలుగు రోజులు రాయి. లేచిన సమయం, యంత్రంలో జరిగినవి రాసిపెట్టే విండోస్‌లోని ఈవెంట్ వ్యూయర్‌లో, సిస్టమ్ లాగ్‌లో ఉంటుంది.

నా చిన్నతనపు కంప్యూటర్లకు ఈ బాధ ఉండేది కాదు. వాటికి టక్కుమని శబ్దం చేసే పెద్ద స్విచ్ ఉండేది. "ఇప్పుడు కంప్యూటర్‌ను ఆపవచ్చు" అని తెర మీద వచ్చాక మన చేత్తో ఆ స్విచ్ ఆపితే, లోపలికి కరెంటు పూర్తిగా ఆగిపోయేది. 1995లో ఇంటెల్ తెచ్చిన ఏటీఎక్స్ పద్ధతితో ఇది మారిపోయింది. అప్పటి నుంచి పవర్ బటన్ కరెంటును ఆపదు, లోపలి భాగాలన్నిటినీ కలిపే మదర్‌బోర్డుకు కబురు మాత్రమే చెబుతుంది. గోడ ప్లగ్గు ఆన్‌లో ఉన్నంతసేపు, షట్‌డౌన్ చేసిన తరువాత కూడా, పవర్ సప్లై నుంచి 5 వోల్టుల కరెంటు ఊదారంగు తీగ ద్వారా బోర్డుకు అందుతూనే ఉంటుంది. బోర్డు తలచుకొని ఆకుపచ్చ తీగను గ్రౌండ్‌కు, అంటే సున్నా వోల్టుల తీగకు, కలిపిన క్షణంలో మొత్తం యంత్రం లేస్తుంది. కాబట్టి నువ్వు వెతకవలసింది బోర్డుకు ఆ తలపు పుట్టించింది ఎవరన్నది.

స్లీప్ నుంచి లేస్తుంటే పని సులువు. ఉదయం చూడగానే కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, పవర్ అనే మాటకు సీ, ఎఫ్, జీ అనే మూడక్షరాలు అతికించి, కాస్త ఖాళీ వదిలి, వాలు గీత పెట్టి లాస్ట్‌వేక్ అని కలిపి టైప్ చేస్తే, చివరిసారి లేపింది ఎవరో చాలావరకు చెబుతుంది. లాస్ట్‌వేక్ బదులు వేక్‌టైమర్స్ అంటే, అలారం పెట్టుకొని కూర్చున్న ప్రోగ్రాముల పేర్లు వస్తాయి. మౌస్ గాని నెట్‌వర్క్ కార్డు గాని దోషి అయితే, డివైస్ మేనేజర్‌లో దాని పవర్ మేనేజ్‌మెంట్ పేజీకి వెళ్ళి, కంప్యూటర్‌ను లేపే అనుమతి తీసేయి. బల్ల కదిలితే మౌస్ కదులుతుంది, మౌస్ కదిలితే కంప్యూటర్ లేస్తుంది, దయ్యాల కథల్లో సగం ఇక్కడే తేలిపోతాయి.

షట్‌డౌన్ నొక్కిన వెంటనే లేస్తుంటే, మూసుకునేటప్పుడు విండోస్ ఎక్కడో తప్పటడుగు వేసి కూలిపోతోందేమో చూడు. కూలినప్పుడు తనంతట తానే రీస్టార్ట్ అయ్యే ఏర్పాటు మొదటి నుంచీ పెట్టి ఉంటుంది. స్టార్టప్ అండ్ రికవరీ అనే చోట ఆ టిక్కు తీసేస్తే, యంత్రం మళ్ళీ లేవకుండా లోపం ఏమిటో తెర మీద చూపించి ఆగుతుంది. విండోస్ 8 నుంచి వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ కూడా పరీక్షను తికమక పెడుతుంది, ఎందుకంటే అది ఉన్నప్పుడు షట్‌డౌన్ సగం నిద్ర లాంటిదే. ఈ నాలుగు రోజులూ షిఫ్ట్ నొక్కి పట్టుకొని షట్‌డౌన్ చెయ్యి.

పూర్తిగా ఆపినది గంటల తరువాత లేవడమే నేను ఒకప్పుడు ఎదుర్కొన్నది, నేను చెడిపోయినదీ అక్కడే.

అప్పటికి మీ అమ్మకు ఇంకా పెళ్ళి కాలేదు. మీ తాతయ్య తన జీవితం గురించి చెబుతుంటే నేను సాయంత్రాలు కూర్చొని టైప్ చేసేవాణ్ణి. తాను బడి ఎగ్గొట్టిన రోజులు, మొదటి ఉద్యోగంలో చేరిన నాడు చొక్కా బొత్తాం ఊడిపోయిన సంగతి, ఇలా అరవై పేజీల దాకా వచ్చింది. ఆ రోజుల్లోనే మా కంప్యూటర్ రాత్రిళ్ళు లేవడం మొదలుపెట్టింది. ఉదయం హాల్లోకి వస్తే ఫ్యాన్ తిరుగుతూ, తెర వెలుగుతూ ఉండేది. తెర మీద ఏదో ఇంగ్లీషు వాక్యం, దాని కింద ఎఫ్1 నొక్కమని ఉండేది. నేను ఆ వాక్యం చదవకుండానే ఎఫ్1 నొక్కేవాణ్ణి. లోపలికి వెళ్ళాక తేదీ ఎన్నో ఏళ్ళ వెనక్కి పోయి ఉండేది. ఇది తప్పకుండా వైరస్ పనేనని తేల్చుకున్నాను. అప్పట్లో ఏ తలనొప్పి వచ్చినా వైరసే అనుకునేవాళ్ళం.

ఆ కంప్యూటర్ పక్కనే కరెంటుతో నడిచే డిజిటల్ గడియారం ఒకటి ఉండేది. కంప్యూటర్ లేచిన ప్రతి ఉదయమూ ఆ గడియారం 12:00 అని మినుకుమినుకుమంటూ కనిపించేది. రాత్రి కరెంటు పోయి వచ్చిందని అది నా ముఖం మీదే చెబుతోంది. నేను విసుక్కుంటూ దాని టైము సరిచేసి, ఆ చేత్తోనే కంప్యూటర్ తేదీ సరిచేసి, రెంటికీ సంబంధం ఉంటుందని ఒక్క రోజు కూడా ఆలోచించలేదు. వారం తరువాత ఒక రాత్రి కోపం పట్టలేక డిస్కు మొత్తం తుడిచి విండోస్ మళ్ళీ ఎక్కించాను. మీ తాతయ్య చెప్పినదానికి వేరే కాపీ లేదు. ముఖ్యమైనవన్నీ ఫ్లాపీల్లో ఉన్నాయనే ధీమాతో చేశాను, చూస్తే ఫ్లాపీల్లో ఉన్నవి నా ఉద్యోగ దరఖాస్తులు.

మర్నాటి రాత్రి కంప్యూటర్ మళ్ళీ లేచింది.

అప్పుడు గాని ఆ ఎఫ్1 వాక్యం చదవలేదు. బోర్డు మీది చిన్న బ్యాటరీ అయిపోయిందని, అందువల్ల బయాస్, అంటే విండోస్ కంటే ముందు యంత్రాన్ని లేపే బోర్డు ప్రోగ్రాము, దాని సెట్టింగులు చెరిగిపోయి మొదటివే తిరిగి వచ్చాయని ఆ వాక్యం భావం. గోడ కరెంటు ఉన్నంతసేపు సెట్టింగులు నిలిచేవి. కరెంటు పోగానే, కాపాడే బ్యాటరీ లేక చెరిగిపోయేవి. ఆ బోర్డు మొదటి సెట్టింగేమో, పోయిన కరెంటు తిరిగి రాగానే ఆన్ కావడం. రూపాయి బిళ్ళంత బ్యాటరీ మార్చడంతో జబ్బు కుదిరింది.

నాన్నగారికి చెప్పడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. ఆయన విని, "పోనీలే, మళ్ళీ చెబుతాను, రాసుకో" అన్నారు. మళ్ళీ మొదలుపెట్టాం గాని, మొదటిసారి నవ్వుతూ చెప్పినవి రెండోసారి ఒక్క వాక్యంలో దాటేశారు. బొత్తాం సంగతి అసలు రాలేదు, అడగడానికి నాకు నోరు రాలేదు. పన్నెండు పేజీల దగ్గర ఆయన ఆరోగ్యం పాడైంది.

కాబట్టి అమ్మడూ, గడియారాలు చూడు. ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ పేరుతో 41 అనే సంఖ్య కనిపిస్తే, అంతకుముందు కంప్యూటర్ పద్ధతిగా మూసుకోలేదని అర్థం. స్లీప్‌లో ఉండగా కరెంటు పోయి వచ్చినా అదే పడుతుంది. అప్పుడు బయాస్‌లోకి వెళ్ళి, కరెంటు తిరిగి వచ్చినప్పుడు ఏం చేయాలన్న సెట్టింగును పవర్ ఆఫ్‌కు మార్చు. దాని పేరు ఒక్కో బోర్డులో ఒక్కోలా ఉంటుంది గాని ఏసీ పవర్ లాస్ అన్న మాట ఎక్కువగా కనబడుతుంది. అక్కడే గడియారపు అలారంతో లేచే ఏర్పాటు, నెట్‌వర్క్ ద్వారా లేచే ఏర్పాటు ఉంటే అవీ తీసేయి. నెట్‌వర్క్ ద్వారా లేపడానికి పంపేదాన్ని మ్యాజిక్ ప్యాకెట్ అంటారు. మొదట 6 బైట్లు నిండా ఒకట్లు, ఆపైన ఆ కార్డు చిరునామా 16 సార్లు, మొత్తం 102 బైట్లు. పేరుకు మ్యాజిక్ గాని, పేరు పెట్టి పదహారుసార్లు పిలవడమే. నిన్ను బడికి లేపడానికి మీ అమ్మకు అంతకంటే ఎక్కువే పట్టేది.

మార్చిన సెట్టింగులు మర్నాటికి మళ్ళీ మొదటికి వస్తే బ్యాటరీ మార్చు. సాధారణంగా అది సీఆర్2032, 3 వోల్టులది. పెట్టె తెరిచే ముందు షట్‌డౌన్ చేసి, గోడ నుంచి ప్లగ్గు పీకి, పవర్ బటన్‌ను కొన్ని క్షణాలు నొక్కి పట్టుకొని, పెట్టె లోహాన్ని ఒకసారి చేత్తో ముట్టుకో. బటనే లోపల ఇరుక్కుంటోందని అనుమానం వస్తే, బోర్డుకు తగిలించిన దాని రెండు తీగల కొక్కెం ఊడదీసి, రీసెట్ బటన్ కొక్కేన్ని ఆ చోట తగిలించు. అప్పటి నుంచి రీసెట్ బటనే పవర్ బటన్‌గా పనిచేస్తుంది. రెండు మూడు రాత్రులు ప్రశాంతంగా గడిస్తే పాత బటనే దోషి. ఒక రాత్రికి ఒక్క మార్పే చెయ్యి, రెండు చేస్తే ఏది కుదిర్చిందో తెలియదు.

పవర్ సప్లై డబ్బాను మాత్రం ఏ కారణంతోనూ విప్పవద్దు. ప్లగ్గు పీకిన తరువాత కూడా దానిలోని కెపాసిటర్లు 300 వోల్టులకు పైగా దాచుకొని ఉండవచ్చు. అది పాడైందనిపిస్తే మొత్తం డబ్బా మార్చడమే. ఈ విషయంలో నాతో వాదించవద్దు.

మీ తాతయ్య చెప్పిన ఆ పన్నెండు పేజీలు అచ్చు తీసి దాచాను. ఈ ఉత్తరంతో పాటు వాటి నకలు పెడుతున్నాను. నోటుపుస్తకంలో నాలుగు రోజులూ రాశాక ఆ పేజీ ఫొటో తీసి నాకు పంపు. నీకు అడ్డం రాను, చూస్తాను, అంతే.

మీ మామయ్య