ట్యూబ్‌లైట్ దగ్గరి బుల్లి మాత్‌లు: ఫొటో చాలా?

ప్రశ్న: వానాకాలం రాత్రుళ్లు మా బాల్కనీ లైటుకి బియ్యపు గింజంత మాత్‌లు (సీతాకోకల్లాంటి రాత్రి పురుగులు) వస్తాయి. వీటిని దేశంలోని మాత్‌ల జాబితాకెక్కించడానికి ఫొటో సరిపోతుందా? – పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: కొన్నిటికి సరిపోతుంది, చాలావాటికి సరిపోదండీ. మన చిన్న మాత్‌లకు వందలకొద్దీ పేర్లు పెట్టిన ఇంగ్లీషు కీటక పరిశోధకుడు ఎడ్వర్డ్ మేరిక్ జననాంగాలను పట్టించుకోలేదు. ఇప్పుడేమో జాతి తేలేది ఎక్కువగా వాటితోనే!

పురుగును డబ్బీలో పట్టి పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి, కదలదు. మిల్లీమీటర్ల స్కేలు పక్కన పెట్టి పైనుంచీ, పక్కనుంచీ ఫొటో తీయండి. తల ముందుకు పొడుచుకొచ్చే పాల్పుల (నోటి దగ్గరి స్పర్శాంగాల) వంపు పక్క ఫొటోలోనే కనిపిస్తుంది. కుటుంబాన్ని గుర్తించడానికి అది బాగా పనికొస్తుంది.

నమూనా దాచాలంటే రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచాలి. స్పిరిట్‌లో వేశారో, రెక్కల పొలుసులు రాలి గుర్తులు పోతాయి. పొట్టభాగాన్ని విడదీసి ల్యాబ్‌లో 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో నానబెడితే కండ కరిగి జననాంగాల గట్టి భాగాలు మిగులుతాయి. తొందరపడి ఎక్కువ మరిగిస్తే అవీ పాడవుతాయి. పొట్టకూ రెక్కలకూ ఒకే నంబరు వేయండి. చీటీ మీద చోటు, తేదీ, లైటు రకం, పట్టినవారి పేరు పెన్సిల్‌తో రాయండి; బాల్‌పెన్ సిరా స్పిరిట్ తగిలితే పాకుతుంది.

హైదరాబాద్‌లోని కేబీఆర్ పార్కు జాతీయ ఉద్యానం. అక్కడ అటవీశాఖ అనుమతి లేకుండా ఒక్క పురుగునూ పట్టకూడదు.