రెప్పపాటును కొలిచేముందు

అమలాపురం

అమ్మలూ,

రొయ్యల లోడుతో రాత్రంతా బండి నడిపే డ్రైవర్ల కునికిపాటును రెప్పపాట్లతో పట్టే ప్రాజెక్టు తీసుకున్నావని మీ అమ్మ చెప్పింది. ఎంత మంచి పని పెట్టుకున్నావో! కంటి చుట్టూ పుట్టే సన్నని విద్యుత్తును గీతగా గీసి చూపే యంత్రాల దగ్గర ఏళ్ల తరబడి పనిచేసినవాణ్ని కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను.

ముందు చర్మం సంగతి చూసుకో. మన కోనసీమ ఉక్కపోతకి ముఖం తుడిచిన కాసేపటికే చెమట పడుతుంది. అది ఎలక్ట్రోడ్ (ఆ విద్యుత్తును అందుకోడానికి చర్మానికి అంటించే తీగ బిళ్ల) కిందికి చేరితే గీత ఒకచోట నిలవదు. స్పిరిట్ దూదితో తుడిచి, ఆరాక, కనుబొమ్మ పైన ఒకటి, కంటి కింద ఒకటి, నుదుటి మధ్యలో ఎర్త్‌ది అంటించు. పది నిమిషాలు ఆగు. ల్యాప్‌టాప్ ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీదే నడుపు. మనిషికి క్షేమం, ఇంటి కరెంటు నుంచి వచ్చే 50 హెర్ట్జ్ రొదా తగ్గుతుంది.

కంటి ముందు భాగం వెనక భాగం కంటే పాజిటివ్‌గా ఉంటుంది. రెప్ప కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) మీదుగా జారగానే గీత వందల మైక్రోవోల్టులు లేచి, మామూలుగా 0.4 సెకను లోపే దిగిపోతుంది. చూపు పైకెత్తినా గీత లేస్తుంది, కానీ అక్కడే ఉండిపోతుంది. కాబట్టి లేచిందా అని మాత్రమే కాదు, వెంటనే దిగిందా అనీ చూడాలి.

ఇక్కడే నేను దెబ్బతిన్నాను. గీత మెల్లగా పైకీ కిందికీ జరిగిపోకూడదని, నెమ్మది మార్పుల్ని కోసేసే హైపాస్ ఫిల్టర్‌ను 1 హెర్ట్జ్‌కి పెట్టాను. గీత బుద్ధిగా నిలిచింది. కానీ ప్రతి రెప్పపాటు వెనకా ఒక గుంట పడింది, పైచూపులు కూడా లేచి దిగిపోయి రెప్పపాట్లలా కనిపించాయి. మెల్లగా వాలిన రెప్పలు, అసలు నాకు కావలసినవే, కురచైపోయాయి. వారం రోజుల పని మళ్లీ మొదటికొచ్చింది. నువ్వు 0.1 హెర్ట్జ్ దాటొద్దు.

రెప్పపాట్ల లెక్క ఒక్కటే చాలదు. చదివేటప్పుడు రెప్పలు తక్కువ పడతాయి, మాట్లాడేటప్పుడు ఎక్కువ. నిద్రమత్తును వెడల్పులో చూడు: ఎత్తులో సగం దగ్గర, ఎక్కే వైపు నుంచి దిగే వైపుకి ఎన్ని మిల్లీసెకన్లో కొలువు. సెకనుకి 250 శాంపిళ్లు (కొలతలు) అయితే ఒక్కోటి 4 మిల్లీసెకన్లు, సరిపోతుంది. ఎత్తు మనిషికో రకం కాబట్టి ఎంత ఎత్తు లేస్తే రెప్పపాటనుకోవాలో ఆ హద్దు కూడా ఎవరిది వాళ్లకే పెట్టు.

పక్కన ఫోన్‌తో వీడియో తియ్యి. మొదట్లో మూడుసార్లు గట్టిగా రెప్ప వేయమంటే గీతకీ వీడియోకీ జత కుదురుతుంది. సెకనుకి 30 ఫ్రేముల వీడియో లెక్క సరిచూసుకోవడానికే, వెడల్పుకి పనికిరాదు.

నడుస్తున్న బండిలో మాత్రం ఎవరికీ తీగలు అంటించకమ్మా. మొదటి రికార్డింగ్ ప్రింటు తీసి పంపు, పెన్సిల్‌తో గుర్తులు పెట్టి ఇస్తాను.

మీ పెద్దమావయ్య