"బాగా చేస్తున్నారు" అంటారు, ప్రమోషన్ మాత్రం ఇవ్వరు

ప్రశ్న: ఆరేళ్లుగా ఒకే కంపెనీలో, అకౌంట్స్ విభాగంలో పనిచేస్తున్నాను. ఎవరికి ఏ చిక్కు వచ్చినా నా టేబుల్ దగ్గరికే వస్తారు, ఆఖరి నిమిషంలో రిపోర్టులు సరిచేసేదీ నేనే. తీరా ప్రమోషన్ల దగ్గరికొచ్చేసరికి నా తర్వాత చేరినవాళ్ల పేర్లుంటాయి. మేనేజర్‌ని అడిగితే "బాగా చేస్తున్నారు, ఇలాగే చెయ్యండి" అంటారు. ఇంకేం చేయాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ బాధ న్యాయమైనదే. కానీ ఆ "ఇలాగే చెయ్యండి" అన్న మాటను పొగడ్తగా తీసుకోకండి, ఇలాగే చేస్తే ఇక్కడే ఉంటారు. చేసిన పనికి బహుమానంగా ప్రమోషన్ ఇస్తారని మనం అనుకుంటాం, ఇచ్చేవాళ్లు మాత్రం పై కుర్చీలో పనిని ఈ మనిషి నెట్టుకురాగలరా అని చూస్తారు. ఉన్న పనిలో నేర్పు చూసి పైకి పంపుతూ పోతే మనుషులు చివరికి తమకు చేతకాని హోదాలో ఆగిపోతారని కెనడా విద్యావేత్త లారెన్స్ పీటర్ 1969లోనే చెప్పారు, కంపెనీలకు ఆ భయం ఇప్పటికీ ఉంది.

ఇంకో సంగతి. చాలా ఆఫీసుల్లో ఈ నిర్ణయం మీ మేనేజర్ ఒక్కరిదే కాదు. ఉన్న కొద్ది ఖాళీల కోసం మేనేజర్లంతా కూర్చుని ఎవరి మనుషుల గురించి వాళ్లు మాట్లాడతారు, ఆ గదిలో మీరుండరు. మీ పేరు వచ్చినప్పుడు ఆయన "చాలా కష్టపడుతుంది" అంటే చెల్లదు, పక్కాయనా తన మనిషి గురించి అదే అంటాడు. ఆయన చేతికి గట్టి మాట అందించాల్సింది మీరే. వారం చివర పది నిమిషాలు కూర్చుని చేసిన పని రాసుకోండి, కానీ "నెలాఖరు రిపోర్టు చేశాను" అని కాదు. "నెలాఖరు రిపోర్టుకు రెండు రోజులు పట్టేది, లెక్కలన్నీ ఒకే షీటులోకి తెచ్చాక సగం రోజులో అవుతోంది, ఈ నెల తప్పులతో ఒక్కటీ వెనక్కి రాలేదు" అని రాయండి. ఇలాంటివి నాలుగైదు పోగయ్యాక మేనేజర్‌కి చిన్న మెయిల్ పెట్టండి. ఇది డప్పు కొట్టుకోవడం కాదు, మీరు చెప్పకపోతే ఆయనకు నిజంగా తెలియదు.

అలాగే, అప్రైజల్ రోజు దాకా ఆగకుండా, కొన్ని నెలల ముందే సూటిగా అడగండి: "వచ్చేసారి పై హోదాకు నా పేరు మీరు చెప్పాలంటే ఇప్పుడు నాలో ఏం తక్కువగా కనిపిస్తోంది? ఒక్కటి చెప్పండి." ఒక్కటే అడగడం ముఖ్యం, లేకపోతే మళ్లీ "అంతా బాగానే ఉంది" అనేస్తారు. చెప్పినప్పుడు వాదించకండి, రాసుకోండి, నెల తర్వాత దాని మీద ఏం చేశారో వెళ్లి చెప్పండి. పదేపదే అడిగినా ఆ ఒక్కటి కూడా చెప్పలేకపోతే, లేదా మీరు సరిచేసుకున్న ప్రతిసారీ కొత్తది చూపిస్తుంటే, వేరే ఉద్యోగం చూసుకోవడంలో తప్పేమీ లేదు.

ఇక మీ టేబుల్ దగ్గరికొచ్చేవాళ్ల సంగతి. వాళ్ల పని మీరు చేసిపెట్టడం మానేయండి. మౌస్ వాళ్ల చేతిలోనే ఉంచి పక్కన కూర్చుని చెప్పండి, మళ్లీమళ్లీ వచ్చే చిక్కుకు ఒక పేజీ నోట్ రాసి అందరికీ పంపండి. మీరు లేకపోతే పని ఆగిపోతుందనుకునే చోట మిమ్మల్ని అక్కడి నుంచి కదపడానికే భయపడతారు. పైగా నలుగురికి నేర్పగలరని తేలితే, పై హోదాలో అడిగేదే అది.

ప్రశ్న: పదేళ్ల అనుభవం ఉంది, అయినా ఎదగట్లేదనిపిస్తోంది. కోర్సులు చేయాలా?

జవాబు: ముందు కోర్సు జోలికి వెళ్లకండి. మనస్తత్వ శాస్త్రవేత్త ఆండర్స్ ఎరిక్సన్, ఆయన సహచరులు బెర్లిన్‌లో వయొలిన్ విద్యార్థులను పరిశీలించి 1993లో ప్రచురించిన అధ్యయనం అనుభవానికీ, పట్టుబట్టి చేసే సాధనకూ తేడా ఉందని వాదిస్తుంది. వచ్చిందే మళ్లీ చేస్తుంటే చెయ్యి తిరుగుతుంది గానీ కొత్తగా ఏమీ రాదు, రాని చోట ఆగి, తెలిసినవాళ్లకు చూపించి, దిద్దుకోవాలి. మీరు ఎప్పుడూ వేరేవాళ్లకు నెట్టేసే పని ఒకటి ఉంటుంది కదా, మీటింగులో మాట్లాడటమో, క్లయింటుకు మెయిల్ రాయడమో. ఈ నెల అది మీరే తీసుకోండి, పంపేముందు బాగా రాసే సహోద్యోగికి చూపించి ఎక్కడ మార్చాలో అడగండి. అప్పటికీ దేనిలో వెనకబడ్డారో తేలితే, ఆ ఒక్కదానికే కోర్సు వెతకండి.